ఎడమ కనురెప్ప

పదకొండూ నలభైకి గ్యాస్ కట్టేశాను.
పదకొండూ యాభైకి పేరు పెట్టి పిలిచాను.
మామూలుగా ఆపాటికి మనుషులు
నీళ్ళ అడుగునుంచి తేలినట్టు దగ్గి,
నా చెయ్యి తోసేసి, పళ్ళసెట్టు ఏదని అడుగుతారు.

మక్వాలా అడగలేదు.

బటూమీలో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితే చెప్పుకుంటారు.
కిటికీ అవతల రేవులో క్రేన్లు తడుస్తున్నాయి.
పిత్తాశయంలో దొరికిన రాళ్ళు పదకొండు,
గాజు సీసాలో వేసి ఉంచింది నర్సు దోదో,
లేచాక చూపిస్తే నవ్వుతుందని.

పన్నెండున్నర.
చక్కెర చూశాను, బాగుంది. రక్తంలో ఉప్పు బాగుంది.
ఒళ్ళు వెచ్చగానే ఉంది.
కండరాల మందుకు విరుగుడిచ్చాను,
నొప్పి మందుకు విరుగుడిచ్చాను.
ఛాతీ ఎముక మీద పిడికిలితో నొక్కాను,
క్షమించమని తెలుగు రాని దేవుడికెవరికో చెప్పుకోలేదు,
ఆమెకే చెప్పాను, చెవి దగ్గర.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు,
నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు.
ఈమె ఆ రెండు లెక్కల్లోనూ లేదు.

స్కానింగులో చుక్క రక్తం లేదు, వాపు లేదు.
అంతా బాగున్న కాగితాలు
ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంటే
నాకు చెమట పట్టింది.
ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని నిద్రపుచ్చే పని నాది.
లేవడం వాళ్ళంతట వాళ్ళే లేస్తారు,
నేను పక్కన నిలబడి పేరు వసూలు చేసుకుంటాను.

నడవాలో ఆమె భర్త బిచికో,
తడి టోపీ మోకాలికి తొడిగి కూర్చున్నాడు.
"ముప్పై నాలుగేళ్ళు, డాక్టర్,
ఒక్కనాడూ నా తర్వాత లేవలేదు.
అయిదింటికల్లా టీ ఫ్యాక్టరీలో ఉండాలి కదా" అన్నాడు,
ఏదో ఆమె సోమరితనం కాదని నాకు నచ్చజెబుతున్నట్టు.

మూడింటికి దీపం తగ్గించబోయి చూశాను.
ఎడమ కనురెప్ప కొసన ఏదో కదిలింది.
వీధిలో లారీ వెళ్తే
బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికినంత.
ఆగింది.
మళ్ళీ.

తలకు తీగలంటించాక తెలిసింది.
చెయ్యి కొట్టుకోదు, నోట నురగ రాదు, అయినా మూర్ఛే.
బయట తాళం వేసిన ఇంట్లో
గడియారాలన్నీ ఒక్కసారే గంటలు కొడుతున్నాయి,
పొద్దుటినుంచీ.

ఆకు ఏరే గదిలో ఆమె పక్క బల్ల సియూరి
గొడుగు తెచ్చే వంకతో వచ్చి
నన్ను మెట్ల కిందికి లాక్కెళ్ళింది.
"చిన్నప్పటినుంచీ బిళ్ళలు వేసుకుంటుంది.
ఫ్యాక్టరీ బీరువాలో, పాత టీ డబ్బాలో, ఆకు కింద.
ఆయనకు తెలీదు.
మూడు రోజులుగా మీ దగ్గరే ఉంది, డబ్బా అక్కడే ఉంది."

ఫైలు తీశాను.
వాడుతున్న మందులు: లేవు.
గుండ్రటి అక్షరాలు, ఎక్కడా వణుకు లేదు.
అది రాస్తున్నప్పుడు కలం అందించింది బిచికోయే,
నేను అక్కడే ఉన్నాను.

అప్పుడిక
నిద్ర లేవని మనిషికి
మళ్ళీ నిద్రమందే ఎక్కించాను.
దోదో నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.
గీతలు ఒక్కొక్కటే
అరిచి అలిసిన పిల్లల్లా నెమ్మదించాయి.

తెల్లవారుజామున అయిదుకు, షిఫ్టు వేళకి,
కళ్ళు తెరిచింది.
ఎక్కడున్నానని అడగలేదు.
"ఎవరెవరికి తెలుసు?" అంది, ఎండిన గొంతుతో.
నాకూ, సియూరికీ అన్నాను.
చాలాసేపు పైకప్పు చూసింది.
సీసా ఇస్తే రాళ్ళు లెక్కపెట్టింది. నవ్వలేదు.

బిచికోకి ఏం చెప్పాలో ఆమె ఇష్టం.
నేను రాయాల్సింది మాత్రం నాది.
ఆలస్యానికి కారణం అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది.
ఇంటికి వెళ్ళేటప్పుడు ఈ కాగితాలు మోసేది ఆయనే.
ఫైలుకి గుచ్చి ఉన్న కలం కూడా
ఆయనదే. తిరిగి ఇచ్చెయ్యాలి.